కంప్యూటరు విమానం నేలమీద ఎందుకు తడబడుతుంది?

ఆకాశంలో గద్ద తిరుగుతుంటే అలా చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. రెక్క ఆడించకుండానే ఎంత హాయిగా చక్కర్లు కొడుతుందో! అదే గద్ద నేలమీద వాలి నాలుగడుగులు వేస్తే చూడండి. అటూ ఇటూ ఊగుతూ, గెంతుతూ నానా అవస్థా పడుతుంది.

ఇళ్లలో కంప్యూటరుమీద నడిపే విమానాల సంగతి కూడా ఇంచుమించు ఇంతే. వీటిని ఫ్లయిట్ సిమ్యులేటర్లు అంటారు. అమెరికాలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఇంజనీరు తయారుచేసిన ఇలాంటి ప్రోగ్రాము ఒకటి 1982లో మైక్రోసాఫ్ట్ పేరున బయటికొచ్చింది. అప్పట్లో తెరమీద కనిపించినవి నాలుగు గీతలు. ఇప్పుడైతే మబ్బులు, కొండలు, ఊళ్లు, ఊళ్లలో దీపాలు అన్నీ కనిపిస్తాయి. విమానం మలుపు తిరిగితే అసలు విమానం తిరిగినట్టే ఉంటుంది. కాని అది రన్‌వేమీద పరుగెత్తేటప్పుడు చూడండి. ఒకటి మంచుమీద జారినట్టు పక్కకు జారుతుంది. ఇంకొకటి బురదలో దిగబడ్డ బండిలా కదలనంటుంది. మరొకటి నేలను తాకగానే రబ్బరు బంతిలా ఎగిరిపడుతుంది. బ్రేకులు వేసి నిలబెట్టినా మెల్లగా పక్కకు పాకే విమానాలు కూడా ఉన్నాయి!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ కంప్యూటరు విమానాలు రచ్చ గెలిచి ఇంట ఓడిపోతున్నాయి. ఎగరటమనే గొప్ప పనిని అంత చక్కగా చేసేది, నేలమీద మూడు చక్రాలతో నడవటమనే చిన్న పనికి ఎందుకు తడబడాలి?

కారణం ఒక్కటే. కంప్యూటరుకు గాలిని లెక్కకట్టటం కంటే నేలను లెక్కకట్టటం కష్టం.

గాలి మెతక, నేల మొండి

సిమ్యులేటరు చేసే పని నిజానికి చాలా సులువైనదే. విమానంమీద ఏయే బలాలు పనిచేస్తున్నాయో కూడుతుంది. న్యూటన్ రెండవ సూత్రం ప్రకారం ఆ బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది. త్వరణాన్నిబట్టి వేగం, వేగాన్నిబట్టి కొత్త చోటు కనుక్కుంటుంది. మళ్లీ బలాలు కూడుతుంది. సెకనుకు 30 సార్లో, 60 సార్లో, 120 సార్లో ఈ లెక్క తిరుగుతూనే ఉంటుంది. సినిమా రీలులో బొమ్మలు విడివిడిగా ఉన్నా మనకు కదలికలా కనిపించినట్టే, ఈ విడివిడి లెక్కలన్నీ కలిసి ప్రయాణంలా కనిపిస్తాయి.

గాలిలో ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. ఎందుకంటే గాలి బలాలు మెల్లమెల్లగా మారుతాయి. వేగం 10 శాతం పెరిగితే రెక్కను పైకెత్తే బలం 21 శాతం పెరుగుతుంది. ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య తేడా కొంచెమే. పైగా గాలి బలాల గురించి మనకు చాలా తెలుసు. రైట్ సోదరులు 1901లోనే ఒక పెట్టెలోకి గాలి వదిలి, అందులో చిన్న చిన్న రెక్కలు పెట్టి బలాలు కొలిచారు. అప్పటినుంచి ఇప్పటిదాకా కొలతలు పోగుపడుతూనే ఉన్నాయి.

నేల అలా కాదు. చక్రం నేలకు వెంట్రుకవాసి పైన ఉంటే దానిమీద నేల బలం సున్నా. నేలకు తగిలిందా, కన్నుమూసి తెరిచేలోగా వందల కిలోల బరువుకు సమానమైన బలం పుడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. విమానం సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగుతోందనుకోండి. కాస్త మొరటుగా దిగటమే అనుకోవాలి. కంప్యూటరు సెకనుకు 30 సార్లు లెక్కకడుతోంది. రెండు లెక్కల మధ్య విమానం ఎంత దిగుతుంది? 3 మీటర్లను 30తో భాగిస్తే 10 సెంటీమీటర్లు! అంటే ఒక లెక్కలో చక్రం నేలకు తగలకుండా ఉంది. తర్వాతి లెక్కకల్లా విమానం కాలులోని స్ప్రింగు 10 సెంటీమీటర్లు నొక్కుకుపోయి ఉంది.

ఇక్కడే వస్తుంది చిక్కు. అసలు విమానంలో అయితే స్ప్రింగు ఆ 10 సెంటీమీటర్లూ నొక్కుకుపోతూ విమానం వేగాన్ని కొంత తగ్గిస్తుంది. విమానం పోగొట్టుకున్న శక్తే స్ప్రింగులో చేరుతుంది. కంప్యూటరులో అలా జరగలేదు. విమానం ఏమీ పోగొట్టుకోలేదు, స్ప్రింగు మాత్రం నిండా శక్తితో ఉంది. కష్టపడకుండా వచ్చిన ఈ శక్తిని స్ప్రింగు తిరిగి ఇచ్చేస్తుంది. అంతే! విమానం పడ్డదానికంటే ఎక్కువగా ఎగిరిపడుతుంది. శక్తి నిత్యత్వ నియమాన్ని కంప్యూటరు తెలియకుండానే ఉల్లంఘించిందన్నమాట.

మరి దీనికి మందేమిటి? లెక్కలు ఇంకా దగ్గర దగ్గరగా కట్టటం. ఫ్లయిట్‌గేర్ అనే సిమ్యులేటరు ఉచితంగా దొరుకుతుంది. అందులో వాడే జేఎస్‌బీసిమ్ అనే లెక్కల ప్రోగ్రాము మామూలుగా సెకనుకు 120 సార్లు లెక్కకడుతుంది. అప్పుడు పై ఉదాహరణలో 10 సెంటీమీటర్లు రెండున్నరకు తగ్గుతాయి. అసలు విమానం కాళ్లలో స్ప్రింగుతోపాటు శక్తిని మింగేసే ఏర్పాటు కూడా ఉంటుంది. చాలా విమానాల్లో నూనెను సన్నని రంధ్రంగుండా నెట్టి ఆ పని చేయిస్తారు. ప్రోగ్రాములో దాని లెక్క కూడా సరిగ్గా ఉండాలి.

ముందుకు సాధువు, పక్కకు మొండివాడు

చక్రమంటే గుండ్రంగా ఉండి దొర్లేదేగా అనుకుంటాం. కాని చక్రానిది విచిత్రమైన గుణం. ముందుకు తోస్తే సాధువులా కదులుతుంది. పక్కకు తోస్తే మొండికేస్తుంది.

అంకెలు చూడండి. బరువు 1000 కిలోలున్న చిన్న విమానం గట్టి, పొడి రన్‌వేమీద ఉంది. దొర్లుడు ఘర్షణ గుణకం సుమారు 0.02. అంటే దాన్ని ముందుకు దొర్లించటానికి 20 కిలోల బరువెత్తేటంత బలం చాలు. అందుకే చిన్న విమానాలను ఒకరిద్దరు మనుషులు చేత్తోనే తోసుకుంటూ షెడ్డులో పెట్టేస్తారు. అదే విమానాన్ని పక్కకు జరపాలంటే? పొడి నేలమీద రబ్బరుకు స్థైతిక ఘర్షణ గుణకం సుమారు 0.8. అంటే 800 కిలోల బలం కావాలి! ఒకే చక్రం, ఒకే నేల. ఒక వైపుకూ ఇంకో వైపుకూ 40 రెట్లు తేడా.

ఇప్పుడు ప్రోగ్రాము రాసేవాడు దొర్లుడు ఘర్షణను 0.02 బదులు 0.06 అని వేశాడనుకోండి. అంకె చూడటానికి చిన్నదే. కాని విమానాన్ని కదిలించటానికి మూడు రెట్లు బలం కావాలి. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే విమానం కదలదు. పాపం, నడిపేవాడు ఇంజను వేగం పెంచుతూ పోతాడు. బురదలో బండి సంగతి ఇదే. పక్కకు ఘర్షణ తగ్గించి వేస్తే మంచుమీద జారుడు తయారవుతుంది. మరీ ఎక్కువ వేస్తే మలుపులో విమానం జారటానికి బదులు పక్కకు ఒరిగి రెక్క నేలకు కొట్టుకుంటుంది.

ఆగి ఉన్నది ఎందుకు పాకుతుంది?

బ్రేకులు వేసి నిలబెట్టిన విమానం పాకటం ఇంకా తమాషా అయిన విషయం.

ఘర్షణ ఎటువైపు పనిచేస్తుందని అడిగితే "కదలికకు వ్యతిరేక దిశలో" అంటారు మీరు. సరే. మరి వస్తువు కదలటమే లేదనుకోండి. అప్పుడు ఎటు? ఎంత?

బల్లను మీరు 5 కిలోల బలంతో తోశారు. కదల్లేదు. ఘర్షణ కూడా 5 కిలోల బలంతో ఎదురు తోసిందన్నమాట. 8 కిలోలతో తోశారు. అయినా కదల్లేదు. ఘర్షణ 8 అయింది. మీరు ఎంత తోస్తే అంత ఎదురు తోసే ఈ బలమే స్థైతిక ఘర్షణ. దానికి ఒక హద్దు ఉంటుంది, అంతేకాని ముందే నిర్ణయించిన విలువ లేదు.

కంప్యూటరుకు ఇది మింగుడుపడదు. అది వేగాన్ని చూసి ఘర్షణ లెక్కకడుతుంది. వేగం కాస్త కుడికి ఉంటే ఘర్షణ ఎడమకు పూర్తి బలంతో లాగుతుంది. దాంతో విమానం ఎడమకు పోతుంది. తర్వాతి లెక్కలో ఘర్షణ కుడికి లాగుతుంది. ఇలా సెకనుకు 30 సార్లు అటూ ఇటూ లాగితే విమానం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది.

ఈ వణుకు పోగొట్టటానికి ఒక ఉపాయం చేశారు. వేగం మరీ తక్కువగా ఉన్నప్పుడు ఘర్షణ కూడా వేగానికి తగ్గట్టు తక్కువగా ఉంటుందని పెట్టారు. వణుకు పోయింది. కాని కొత్త రోగం వచ్చింది. వేగం సున్నా అయితే ఘర్షణ సున్నా! పక్కనుంచి గాలి తోస్తే దాన్ని ఎదిరించటానికి ఘర్షణ కావాలి. ఘర్షణ కావాలంటే కొంచెమైనా వేగం ఉండాలి. కనుక విమానం మెల్లగా, గడియారం ముల్లులా పాకుతూనే ఉంటుంది.

మెరుగైన ప్రోగ్రాములు ఇప్పుడు వేరే దారి పట్టాయి. చక్రం అసలు కదలకుండా ఉండాలంటే ఎంత బలం కావాలో ముందు కనుక్కుంటాయి. ఆ బలం ఘర్షణ హద్దు లోపల ఉంటే అదే ఘర్షణ. హద్దు దాటితేనే చక్రం జారుతుంది. బల్లను తోసినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే కదా!

టైరు మెలిక

ఇంతటితో అయిపోలేదు. గాలి నింపిన రబ్బరు టైరు గట్టి చక్రం కాదు. అది మెలి తిరుగుతుంది. మలుపులో చక్రం చూసే దిశ ఒకటి, నిజంగా పోయే దిశ ఇంకొకటి. రెండింటి మధ్య కొద్ది డిగ్రీల కోణం ఉంటుంది. ఈ కోణం వల్లనే టైరు సాగి, పక్కకు లాగే బలం పుడుతుంది. కోణం పెరిగినకొద్దీ బలం పెరుగుతుంది. కొంత దూరం పోయాక ఇక పెరగదు. అక్కడినుంచి టైరు జారటం మొదలుపెడుతుంది.

ఈ పెరుగుదలను సూత్రంగా రాయటం సులువు కాదు. హాలండుకు చెందిన పసేకా అనే ఇంజనీరు, ఆయన సహచరులు 1980లలో కార్ల టైర్లకోసం ఒక సూత్రం తయారుచేశారు. దాని పేరు ఏమిటో తెలుసా? "మేజిక్ ఫార్ములా", అంటే మాయా సూత్రం! అది భౌతికశాస్త్ర నియమాలనుంచి పుట్టింది కాదు. కొలతలకు చక్కగా సరిపోయే గీత. ఎందుకు సరిపోతుందంటే జవాబు లేదు కనుక ఆ పేరు వచ్చింది. అయితే ఏ టైరుకు ఆ టైరును కొలిచి ఇందులో అంకెలు వెయ్యాలి. ఇంటి సిమ్యులేటర్లు తయారుచేసేవారికి ప్రతి విమానం టైరు కొలతలూ ఎక్కడ దొరుకుతాయి? చాలా సార్లు ఊహించి వేసుకోవలసిందే.

అడ్డగాలి, తోకచక్రం

విమానం నేలమీద ఉన్నా గాలి దాన్ని వదిలిపెట్టదు. వెనక నిలువుగా ఉండే తోక ఒక పెద్ద పలక. పక్కనుంచి గాలి వీస్తే తోకను నెడుతుంది. ముక్కు గాలివైపుకు తిరుగుతుంది. ఇంటి కప్పుమీద గాలి దిశ చూపే సూచిక తిరిగినట్టే. పైలటు కాళ్లకింద పెడళ్లతో చుక్కానినీ ముక్కు చక్రాన్నీ తిప్పి సరిచేస్తూ ఉండాలి. వేగం తక్కువగా ఉన్నప్పుడు చక్రం చెప్పినట్టు వింటుంది, చుక్కాని వినదు. వేగం పెరిగినకొద్దీ చక్రంమీద బరువు తగ్గి దాని పట్టు తగ్గుతుంది, చుక్కాని పట్టు పెరుగుతుంది. ఈ అధికారం చేతులు మారటం ఎంత నున్నగా జరిగితే సిమ్యులేటరు అంత నిజంగా ఉన్నట్టు.

తోకకింద చిన్న చక్రం ఉండే విమానాలతో ఇంకా చిక్కు. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన పుష్పక్ అలాంటిది. అది 1958లో మొదటిసారి ఎగిరింది. మన దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఎంతోమంది దానిమీద విమానం నడపటం నేర్చుకున్నారు. ఈ రకం విమానాల్లో గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కొంచెం పక్కకు తిరిగితే, వెనక ఉన్న బరువు జడత్వంతో ముందుకే పోదామని చూసి, ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. అరచేతిమీద కర్రను నిలబెట్టి నడవటంలాంటిది ఈ పని. ఏమరిస్తే విమానం గిర్రున వెనక్కి తిరుగుతుంది. ఇంటి సిమ్యులేటరులో ఇలాంటి విమానం బుద్ధిమంతుడిలా నేరుగా పోతోందంటే అనుమానించవలసిందే.

కుర్చీ చెప్పే కబురు

లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా ఇంట్లో ఇంకొక లోటు ఉంటుంది. అసలు విమానం ముక్కు ఒక్క డిగ్రీ పక్కకు తిరగబోతుండగానే పైలటుకు ఆ సంగతి శరీరం చెబుతుంది. చెవి లోపల ఉండే సమతాస్థితి అవయవాలు త్వరణాన్ని పసిగడతాయి. కుర్చీ నడుమును పక్కకు నెడుతుంది. ఇంట్లో కుర్చీ కదలదు. కంటికి కనిపించేదాకా ఏమీ తెలియదు. కనిపించేసరికి ఆలస్యం అయిపోతుంది.

విమాన సంస్థలు వాడే పెద్ద సిమ్యులేటర్లు ఆరు కాళ్లమీద నిలబడి కదులుతాయి. వాటిలో ఒక మంచి చమత్కారం ఉంది. విమానం రన్‌వేమీద వేగం పుంజుకుంటున్నప్పుడు వీపు కుర్చీకి అతుక్కుంటుంది కదా! గదిలో ఉన్న యంత్రం అలా పరుగెత్తలేదు. అందుకని దాన్ని మెల్లగా వెనక్కి వంచుతారు. అప్పుడు భూమ్యాకర్షణే వీపును కుర్చీకి నొక్కుతుంది. గురుత్వ త్వరణంలో ఐదో వంతు చూపించాలంటే 11, 12 డిగ్రీలు వంచితే చాలు. తెరమీద రన్‌వే నేరుగానే కనిపిస్తుంటుంది కాబట్టి లోపలివారికి మోసం తెలియదు.

ఈ పెద్ద యంత్రాలకు పరీక్షలు కూడా ఉంటాయి. అసలు విమానం ఎంత చోటులో మలుపు తిరుగుతుందో, ఎంత దూరంలో ఆగుతుందో కొలిచి, యంత్రం కూడా నిర్ణయించిన హద్దుల్లో అలాగే చేస్తోందా అని సరిచూస్తారు.

ఆటేగా అనుకోకండి

"కంప్యూటరు ఆటలో విమానం కాస్త జారితే ఏం మునిగిపోయింది?" అని మీరు అడగవచ్చు. ఒక సంఘటన చెబుతాను.

2008 డిసెంబరు 20న అమెరికాలోని డెన్వర్ విమానాశ్రయంలో కాంటినెంటల్ సంస్థకు చెందిన బోయింగ్ 737 విమానం ఒకటి పైకి లేవటానికి రన్‌వేమీద పరుగెడుతోంది. లోపల 115 మంది ఉన్నారు. ఎడమవైపునుంచి ఉన్నట్టుండి గాలి విసురు తగిలింది. దాని వేగం 45 నాట్లు, అంటే గంటకు సుమారు 83 కిలోమీటర్లు. విమానం గాలివైపుకు తిరిగి, రన్‌వే వదిలి బయటికి దూసుకుపోయింది. మంటలు అంటుకున్నాయి. చాలామందికి గాయాలయ్యాయి. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు.

ప్రమాదాలను విచారించే అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2010లో తన నివేదిక ఇచ్చింది. గాలి ఇంకా తోస్తుండగానే కుడి పెడలుమీద నొక్కు ఆపటం ప్రధాన కారణమని తేల్చింది. ఆ గాలి పైలటు శిక్షణకూ అనుభవానికీ మించినదని కూడా చెప్పింది. దోహదం చేసిన కారణాల్లో ఒకటి ఏమిటో తెలుసా? సిమ్యులేటర్లలో గాలి విసుర్ల లెక్క సరిగా లేనందువల్ల విమాన సంస్థల్లో అడ్డగాలి శిక్షణ చాలకపోవటం!

ఎంతో ఖర్చుపెట్టి కట్టిన పెద్ద సిమ్యులేటర్లకే ఈ లోటు ఉంటే ఇంటి కంప్యూటరు సంగతి చెప్పాలా? సిమ్యులేటరు చూపించనిది శిష్యుడు నేర్చుకోలేడు. అది తప్పుగా చూపించినదాన్ని గట్టిగా నేర్చుకుంటాడు. కాళ్లు కదపకుండా ఎగరటం ఇంట్లో అలవాటైనవాడికి, నిజం విమానంలో ఆ అలవాటు మానటమే మొదటి పాఠమవుతుంది.

మీరే పరీక్షించండి

సిమ్యులేటరు ఉన్నవారు దాన్ని ఇలా పరీక్షించి చూడండి. బ్రేకులు వేసి, పక్కనుంచి 20 నాట్ల గాలి పెట్టి అయిదు నిమిషాలు వదిలెయ్యండి. విమానం పాకిందా? ముందు ఒకే ఇంజను ఉన్న చిన్న విమానాన్ని, గాలి లేకుండా, పెడళ్లు తాకకుండా పరుగెత్తించండి. అలాంటి చాలా విమానాల్లో పంకా తిరిగే తీరువల్ల ముక్కు ఎడమకు లాగాలి. మీది లాగిందా?

కంప్యూటరు లేనివారు విచారించనక్కరలేదు. నాలుగు చక్రాల బొమ్మకారు ఒకటి తీసుకోండి. నున్నని పలకను ఏటవాలుగా పెట్టండి. ముందు చక్రాలు తిరగకుండా కాగితం ముక్కలు దోపి, కారును పైనుంచి వదలండి. జారుతూ నేరుగా కిందికి వస్తుంది. ఇప్పుడు ఆ కాగితాలు తీసి వెనక చక్రాలకు దోపి వదలండి. కారు గిర్రున తిరిగి వెనక్కి తిరిగిపోతుంది! జారే చక్రానికి పక్కకు పట్టు ఉండదు. దొర్లే చక్రానికి ఉంటుంది. ఆ పట్టు గరిమనాభికి వెనక ఉంటే బండి నేరుగా పోతుంది. ముందు ఉంటే తిరగబడుతుంది. పుష్పక్ పైలటు రన్‌వేమీద కాళ్లతో ఎందుకంత కుస్తీ పట్టేవాడో ఆ బొమ్మకారు మీకు చెబుతుంది.